నీలగిరి తైలం ఒంటి మీద ఒలికితే మొదట ఏమి చేయాలి?

కృష్ణాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మొన్న ఆదివారం రాత్రి మా అత్తగారికి జలుబు చేసి ముక్కు దిబ్బడ వేయడంతో, ఆవిరి పట్టించడానికి వేడినీళ్ల గిన్నెలో నాలుగు చుక్కల నీలగిరి తైలం వేయబోయాను. సీసా మూత బిగుసుకుపోయి ఉంది. బలంగా తిప్పేసరికి ఒక్కసారిగా ఊడి వచ్చి, సీసాలో సగానికి పైగా తైలం నా కుడి ముంజేతి మీద, చీర మీదుగా తొడ మీద ఒలికింది. వెంటనే కొళాయి దగ్గరకు వెళ్లి చేతి మీద నీళ్లు పోసుకున్నాను. మంట తగ్గకపోగా, అంతవరకు ముంజేతికే ఉన్న మంట మణికట్టు దాకా పాకింది. అత్తగారు కొబ్బరినూనె రాయమన్నారు. పక్కింటి పిన్నిగారు పెరుగు పట్టించమన్నారు. ఫోనులో మా చెల్లెలు సబ్బుతో తప్ప మరి దేనితోనూ కడగవద్దని చెప్పింది. ముగ్గురూ నా మేలు కోరే చెప్పారు కానీ, ఆ గాభరాలో ఎవరి మాట వినాలో నాకు తెలియలేదు. చివరికి కొబ్బరినూనె రాసుకుని, అలాగే పడుకున్నాను.

ఇప్పుడు చేతి మీద ఎరుపు దాదాపు పోయింది. తొడ మీద మాత్రం అరచేయంత మేర ఇంకా ఎర్రగా, ముట్టుకుంటే చురుక్కుమనేలా ఉంది. చేతి మీదే ఎక్కువ తైలం పడిందని నాకు బాగా గుర్తు. అలాంటప్పుడు తొడ మీద ఎందుకు ఎక్కువ కమిలింది? నీళ్లు పోస్తే మంట ఎందుకు పాకింది? ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు. రేపు ఇదే వాడి మీద ఒలికితే ఏమి చేయాలో ముందుగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాతకంపౌండర్:

అమ్మా, నేను 30 ఏళ్లు మందుల దుకాణంలో పనిచేశాను. నీలగిరి తైలం, లవంగ నూనె, పుదీనా పువ్వు, కర్పూర తైలం వంటివి ఒంటి మీద పోసుకుని కంగారుగా పరుగెత్తుకొచ్చినవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది మీలాగే ముందు నీళ్లు పోసుకుని వచ్చినవారే. అందుచేత మీరు చేసింది తెలివితక్కువ పని అనుకోకండి. ఒంటి మీద ఏది పడినా నీళ్లతో కడగాలని మనకు చిన్నప్పటి నుంచి అలవాటు.

ఈ తైలాలు నీటిలో కలవవు. చారు గిన్నెలో పోపు నూనె పైన తేలినట్టు, నీళ్లు పోసినప్పుడు తైలం నీటి మీద పలచని పొరగా తేలి, నీరు ఎటు జారితే అటు జారుతుంది. మీ ముంజేతి మీద ఉన్నది మణికట్టుకు చేరడానికి కారణం అదే. తైలం చర్మం నుంచి ఊడిపోలేదు, చోటు మాత్రమే మారింది. కాబట్టి మొట్టమొదట చేయవలసింది, పొడిగా ఉన్న పాత నూలుగుడ్డతోనో దూదితోనో ఒలికిన తైలాన్ని అద్ది తీసేయడం. రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే తైలం చర్మంలోకి ఇంకా బాగా ఇంకుతుంది. ఒకసారి అద్దిన వైపుతో మళ్లీ అద్దకుండా, గుడ్డను మడత మారుస్తూ ఉండాలి. ఇలా చేస్తేనే తైలంలో చాలా భాగం పోతుంది. గుడ్డ అందుబాటులో లేకపోతే పొడి శనగపిండి చల్లి, అది తైలాన్ని పీల్చుకున్నాక నెమ్మదిగా దులిపేయవచ్చు. నలుగు పెట్టినట్టు మాత్రం రుద్దవద్దు.

ఆ తరువాత కొబ్బరినూనె గానీ, నువ్వులనూనె గానీ, వేరుశనగనూనె గానీ ఒక గరిటెడు తీసుకుని ఆ చోట ధారాళంగా పోసి, మళ్లీ పొడిగుడ్డతో తుడవాలి. సుగంధ తైలం నీటిలో కలవదు కానీ వంటనూనెలో ఇట్టే కలిసిపోతుంది. చర్మానికి ఒక మిల్లీలీటరు తైలం అంటుకుని ఉందనుకుందాం. దాని మీద 20 మిల్లీలీటర్ల కొబ్బరినూనె పోస్తే అప్పటిదాకా నూటికి నూరు పాళ్లు ఉన్న గాఢత అయిదు పాళ్లకు దిగుతుంది. దాన్ని తుడిచి ఇంకోసారి పోసి తుడిస్తే మిగిలేది బహు స్వల్పం. మీ అత్తగారు చెప్పిన మాటలో ఈ మేరకు నిజం ఉంది. పెరుగు గురించి చెప్పాలంటే, అందులో ఉన్న కొద్దిపాటి వెన్న కొంత పనిచేయవచ్చు గానీ, అందులో ఎక్కువ భాగం నీరే కనుక దాన్ని నమ్ముకోనక్కరలేదు.

గడ్డితోట:

పెద్దాయన చెప్పింది మేము రోజూ కళ్లతో చూసే విషయం. విజయనగరం జిల్లాలో మాకు నిమ్మగడ్డి తోట ఉంది. కోసిన గడ్డిని ఆవిరితో ఉడికించి నూనె తీసే యూనిట్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. 100 కిలోల గడ్డి ఉడికిస్తే సుమారు అర కిలో నూనె వస్తుంది. ఆవిరి చల్లబడి నీరుగా మారి డబ్బాలోకి దిగినప్పుడు, నూనె నీటి పైన పసుపుపచ్చగా విడిగా పేరుకుంటుంది. నీళ్లతో ఈ నూనె పోదని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ డబ్బాలోకి ఒక్కసారి తొంగి చూస్తే చాలు.

నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ అనే పదార్థం ఎక్కువ. అది చర్మాన్ని గట్టిగానే కొరుకుతుంది, అందులోనూ చెమట పట్టిన ఒంటి మీద, గీసుకుపోయిన చోట పడితే ఓర్చుకోవడం కష్టం. మా పద్ధతి ఏమిటంటే, పొడిగుడ్డతో అద్దడం, వెంటనే అంట్లు తోమే లిక్విడ్‌ను పొడి చేతికే పట్టించి నురుగు వచ్చేదాకా మృదువుగా పామడం, ఆ తరువాతే నీళ్లు పోయడం. ముందు నీళ్లు పోసి తరువాత సబ్బు పట్టిస్తే అంత బాగా వదలదు. మా పెద్దవాళ్లు కుంకుడు రసంతో కడుక్కునేవారు. గట్టి చేతులకు అది ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. కమిలిన చర్మానికి, ముఖానికి మాత్రం దాన్ని తాకించవద్దని చెబుతాను, ఎందుకంటే కుంకుడు రసం కంట్లో పడితే ఆ బాధ వేరుగా ఉంటుంది.

ఇంకొక్క మాట. ఈ నూనెలను మందపాటి గాజు సీసాల్లోనో, అల్యూమినియం డబ్బాల్లోనో ఉంచాలి. పలచని ప్లాస్టిక్ గ్లాసులో పోసి మరచిపోతే గ్లాసు మెత్తబడి వంగిపోవడం నేను చూశాను. పలచని రబ్బరు తొడుగులు కూడా ఉబ్బి జిగటగా అయిపోతాయి. అందుకే మేము నైట్రైల్ తొడుగులు వాడుతున్నాము. ప్లాస్టిక్‌నే కరిగించగలిగినది మన చర్మాన్ని ఊరికే వదిలిపెడుతుందా అని కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలకు నేను మొదటి రోజే చెబుతాను.

చర్మవైద్యం:

నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. పై ఇద్దరి మాటలతో చాలా వరకు ఏకీభవిస్తూనే ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కృష్ణాతీరం గారు అడిగిన ప్రశ్నలో అసలు కీలకం తొడ మీది మంట. ఆ సమాధానం ఇంకా ఎవరూ చెప్పలేదు.

చేతి మీద పడిన తైలంలో కొంత భాగం గాలికి ఆవిరైపోయింది, కొంత నీళ్లతో కిందికి జారిపోయింది. తొడ మీద పడినది అలా కాలేదు. చీర, లోపలి లంగా ఆ తైలాన్ని పీల్చుకుని, దాన్ని చర్మానికి అదిమి పట్టి ఉంచాయి. ఆవిరై పోవడానికి దారి లేక, ఒంటి వేడికి తైలం లోపలికి ఇంకింది. చేయి కడుక్కుని, పెద్దవారి మాటలు విని, కొబ్బరినూనె తెచ్చి రాసుకునేదాకా మీరు ఆ చీరతోనే ఉండి ఉంటారని నా ఊహ. పావుగంట సేపు తైలం గుడ్డ కట్టు కట్టినట్టే అయింది. అందువల్ల ఒంటి మీద ఏ సుగంధ తైలం ఒలికినా, తుడవడం కన్నా ముందు తడిసిన బట్ట విప్పేయాలి. మొహమాటానికి తావివ్వకూడదు. ఉంగరం, గాజులు, గడియారం పట్టీ కిందికి తైలం చేరితే వాటిని కూడా తీసేయాలి.

ఇక కొబ్బరినూనె మాట. పాతకంపౌండర్ గారు నూనె పోసి తుడవమన్నారు, అది సరైనదే. మీరు మాత్రం నూనె రాసుకుని అలాగే పడుకున్నారు. అంటే గాఢత తగ్గింది కానీ తైలం చర్మం మీదే ఉండిపోయింది. పైగా నూనె పొర కప్పడం వల్ల ఆవిరై పోయే అవకాశం కూడా తగ్గింది. వంటనూనె తైలాన్ని పలుచన చేస్తుంది, ఒంటి మీద నుంచి తీసేసేది మాత్రం గుడ్డ, సబ్బు, నీరు. చేతికి అందేంత దూరంలో నూనె ఉంటే ఒకసారి పోసి తుడవండి. లేకపోతే దాని కోసం వెతుకుతూ సమయం పోగొట్టకుండా నేరుగా ఘాటు లేని సబ్బో, పిల్లల షాంపూనో పట్టించి, ధారగా పడే చల్లని లేదా గోరువెచ్చని నీటితో బాగా కడగండి. ఏ దారిన వెళ్లినా చివర సబ్బు, ఆ తరువాత నీరు ఉండి తీరాలి. వేడినీళ్లు వద్దు. వేడికి చర్మంలో రక్తప్రసరణ పెరిగి తైలం మరింతగా లోపలికి వెళుతుంది.

కడిగిన తరువాత కూడా వాసన వస్తూనే ఉంటుంది. ఈ తైలాల వాసన అతి కొద్ది మోతాదులో కూడా ముక్కుకు తెలుస్తుంది కాబట్టి, వాసన ఉంది కదా అని మళ్లీ మళ్లీ పీచుతో తోమకండి. రెండుసార్లు సబ్బుతో కడిగితే చాలు. వాసన పోగొట్టాలని శానిటైజరో స్పిరిటో రాసేవారు ఉన్నారు. అది తైలాన్ని కరిగిస్తుందన్నది నిజమే గానీ, అప్పటికే దెబ్బతిన్న చర్మాన్ని ఎండబెట్టి మంటను రెట్టింపు చేస్తుంది, పొయ్యి దగ్గర నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. టూత్‌పేస్టు, సిరా, వంటసోడా, నిమ్మరసం, మంచుగడ్డ, వీటిలో ఏదీ వద్దు.

కడిగినా మంట తగ్గకపోతే చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. సబ్బుతో తైలం పోయాక నీరు మంటను చల్లార్చుతుందే తప్ప పాకించదు. ఆ తరువాత మెత్తగా తుడిచి, వాసన లేని పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి, వదులైన నూలుబట్ట కట్టుకోండి. బొబ్బలు లేస్తే చిదపవద్దు. మీ తొడ మీద ఎరుపు రోజురోజుకూ తగ్గుతూ ఉంటే అది తైలం ఘాటుకు కమిలిన చర్మమే, మానిపోతుంది. అలా కాకుండా ఒకటి రెండు రోజుల తరువాత దురద మొదలై, తైలం పడని చోటుకు కూడా పాకి, చిన్న చిన్న నీటి పొక్కులు వస్తే అది అలర్జీ. అప్పుడు వైద్యులకు చూపించండి. ఆ అలర్జీ ఒకసారి ఏర్పడితే చాలామందికి జీవితాంతం ఉంటుంది, తరువాత ఒక్క చుక్క తగిలినా తిరగబెడుతుంది. దాల్చినచెక్క నూనె, లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, గాలి తగిలి పాతబడిన టీ ట్రీ నూనె ఈ విషయంలో ఎక్కువ ఇబ్బంది పెడతాయి. సీసా తెరిచి ఏళ్లు గడిచిన తైలాన్ని దాచుకోకుండా పారేయమని మా రోగులకు చెబుతుంటాను.

కృష్ణాతీరం:

మీ ఊహ నిజమే డాక్టరు గారూ. ఆ చీరతోనే దాదాపు అరగంట ఉన్నాను. చేతి మంటే పెద్దదిగా అనిపించడంతో తొడ సంగతి పట్టించుకోలేదు. ఇవాళ మీరు చెప్పినట్టు సబ్బుతో కడిగి జెల్లీ రాసుకున్నాక చురుకు తగ్గింది. దురద గానీ, పొక్కులు గానీ లేవు.

రెండు సందేహాలు మిగిలాయి. బాబు కంట్లో పడితే కూడా ఇదే వరసా? నొప్పులకు రాసుకునే బామ్ విషయంలో కూడా ఇదే జాగ్రత్తా? మా మామగారు రోజూ మోకాళ్లకు బామ్ రాసుకుని అదే చేత్తో బాబును ఎత్తుకుంటారు.

చర్మవైద్యం:

కంటికి ఈ వరస వర్తించదు, దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. కంట్లో కొబ్బరినూనె, పాలు, సబ్బు, ఏదీ వేయకూడదు. శుభ్రమైన మామూలు నీటిని, రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు జారేలా కనీసం 15 నిమిషాలు ఆపకుండా పోయాలి. తల ఒక పక్కకు వంచితే రెండో కంట్లోకి పోదు. కాంటాక్టు లెన్సులు ఉంటే తీసేయాలి. ఆ వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పిల్లల విషయంలో చర్మం కన్నా నోరే నాకు ఎక్కువ భయం. నీలగిరి తైలం, కర్పూర తైలం ఒక టీ చెంచాడు లోపు కడుపులోకి వెళ్లినా చిన్నపిల్లలకు మగత, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు. వాంతి చేయించినప్పుడు తైలం ఊపిరితిత్తుల్లోకి వెళితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. వెంటనే 108కి ఫోను చేసి, తైలం సీసాను కూడా వెంట తీసుకువెళ్లండి. బాబు ఒంటి మీద ఒలికితే బట్టలు విప్పేసి, అద్ది, సబ్బుతో కడిగి, చేతులు నోట్లో పెట్టుకోకముందే ముందుగా చేతులు కడగండి. నిద్రమత్తుగా ఉన్నా, దగ్గు ఆగకపోయినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా ఇంట్లో ఉంచుకోకండి.

బామ్‌లు కూడా ఈ కోవలోనివే. చాలా వాటిలో పుదీనా పువ్వు, కర్పూరం, గంధపుర తైలం కలిసి ఉంటాయి. గంధపుర తైలంలో దాదాపు అంతా మిథైల్ సాలిసిలేటే, అది ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది. పుదీనా పువ్వు ఘాటు పసిపిల్లల ముక్కుకు తగిలితే ఒక్కసారిగా ఊపిరి బిగపట్టే ప్రమాదం ఉంటుంది. బామ్ జిడ్డుగా ఉంటుంది కాబట్టి, మీ మామగారు పొడిగుడ్డతో చేతులు తుడుచుకుని, సబ్బుతో గోళ్ల సందులతో సహా కడుక్కున్న తరువాతే బాబును ఎత్తుకోవాలి. మోకాలి మీద బామ్ ఆరకముందు బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని కూడా చెప్పండి. బామ్ రాసిన చోట వేడినీళ్ల కాపడం పెట్టడం, బిగుతుగా కట్టు కట్టడం కూడా మంచిది కాదు. కారణం మీ చీర కథలో ఉన్నదే.

నిమ్మతోట_గూడూరు:

అనుకోకుండా ఈ చర్చ చూశాను. మా ఇంట్లో ఏటా పెద్ద ఎత్తున నిమ్మకాయ ఊరగాయ పెడతాము. కాయలు కోసి, పిండి, జాడీని ఎండలో పెట్టడానికి డాబా మీదకు వెళ్లి వచ్చిన రెండు మూడు రోజులకు మా అమ్మ చేతుల మీద నల్లటి మచ్చలు, ఒక్కోసారి పొక్కులు వస్తున్నాయి. కారం వల్ల అనుకునేవాళ్లము. నిమ్మతొక్క నూనెకు కూడా ఈ విషయంతో సంబంధం ఉందా?

చర్మవైద్యం:

ఉంది, అది కారం పని కాదు. మన నిమ్మకాయ తొక్కలో ఉండే నూనెలోను, రసంలోను ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలు ఉంటాయి. వాటిని ఫ్యూరోకౌమరిన్లు అంటారు. నీడలో ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. ఆ చేతులతో ఎండలోకి వెళితే అక్కడ కమిలి, సుమారు ఒక రోజు తరువాత ఎరుపు బయటపడి, రెండు మూడు రోజులకు ముదిరి, ఆపైన మచ్చగా మారి వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది. మంట అప్పుడే తెలియదు కాబట్టి ఎవరూ నిమ్మకాయను అనుమానించరు. అమ్మగారు కాయలు కోయడం పూర్తవగానే మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఆ తరువాతే డాబా ఎక్కాలి. జాడీ ఎండలో పెట్టే పని ఆ రోజుకు కాయలు ముట్టుకోని వారెవరికైనా అప్పగిస్తే ఇంకా మంచిది. వాసన కోసం వాడే బెర్గమాట్ తైలానికి కూడా ఈ గుణం ఉంది.

పాతకంపౌండర్:

డాక్టరమ్మ దిద్దిన మాటను శిరసావహిస్తున్నాను. కొబ్బరినూనె పోసి తుడవాలని చెప్పాను గానీ, ఆ తరువాత సబ్బుతో కడగాలన్న మాట రాయలేదు, అది నా లోపమే. మా దుకాణంలో తుడిచి పంపించేసేవాళ్లము, ఇంటికి వెళ్లి స్నానం చేస్తారులే అనుకునేవాళ్లము.

కృష్ణాతీరం గారూ, ఆ చీర ఇంకా ఇంట్లోనే ఉంటే దాన్ని పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర ఆరవేయకండి, ఈ తైలం తొందరగా అంటుకుంటుంది. గాలి తగిలేచోట బయట ఆరనిచ్చి, బాబు బట్టలతో కలపకుండా విడిగా, ఎక్కువ సబ్బుతో రెండు దఫాలుగా ఉతకండి. బిగుసుకున్న మూతను గిన్నె మీద గానీ, ఒంటి మీదుగా గానీ తిప్పకుండా, సీసాను ఒక లోతైన స్టీలు గిన్నెలో నిలబెట్టి, మూత చుట్టూ పొడిగుడ్డ చుట్టి తిప్పితే ఒలికినా గిన్నెలోనే ఉంటుంది.

కృష్ణాతీరం:

చీర నిన్ననే విడిగా ఉతికించాను. నీలగిరి తైలం, బామ్, కర్పూరం మూడింటినీ బాబుకు అందని అటక మీద, తాళం ఉన్న పెట్టెలో పెట్టాను. వంటగది గట్టు పక్కన మడతలు పెట్టిన పాత నూలుగుడ్డలు నాలుగు, ఒక చిన్న షాంపూ సీసా ఉంచాను. కంటి సంగతి, వాంతి చేయించకూడదన్న సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మా అత్తగారు, మామగారు చదివేలా ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అందరికీ కృతజ్ఞతలు.